రాసినదంతా చెరపమన్నారు

అయ్యసామి నాయకరును ఎవరైనా "బొమ్మలు గీస్తావంట కదా" అని అడిగితే చాలు, ఆయనకు ఒళ్ళు మండేది. గీకేది పిల్లి, అదీ గోళ్ళతో. వాళ్ళ వంశంలో ఎవరూ బొమ్మ గీయలేదు. రాశారు. ఏనుగును రాశారు, తేరును రాశారు, తేరు లాగేవాళ్ళ నుదుటి చెమటను కూడా రాశారు. మధుర చుట్టుపక్కల తెలుగిళ్ళలో అందరూ అనే మాట అదే. పక్కింటి తమిళులు కూడా బొమ్మను 'ఎళుదడం' అనే అంటారు, అంటే రాయడమే. కాబట్టి ఆ ఊళ్ళో ఉత్తరం రాసేవాడూ రాసేవాడే, ఏనుగును రాసేవాడూ రాసేవాడే. చాలాకాలం దానివల్ల ఎవరికీ ఏ నష్టమూ రాలేదు.

మధుర కుంఫిణీ చేతికి వచ్చిన ఏడెనిమిదేళ్ళకు పుట్టినవాడు అయ్యసామి. నాయకరాజుల కొలువులో గోడలు రాసిన ముత్తాతకు మాన్యంగా దొరికిన నల్లరేగడి చెక్క ఒకటి ఊరికి దక్షిణాన మిగిలింది. రాజులు పోయారు, రాయించుకునేవాళ్ళు పోయారు, నేల మాత్రం ఉంది. అందుకని ఆయన వానలప్పుడు పత్తీ జొన్నా వేసే రైతు, ఎండలప్పుడు ఇళ్ళకు సున్నం వేసే పనివాడు. ఆయన కలిపిన సున్నం గోరుతో గీకినా రాలదని పేరు. ఆ పేరు ఆయనకూ తెలుసు. తెలియనట్టు నటించే అలవాటు ఆయనకు లేదు.

వైగై దక్షిణపు గట్టున చిత్తిర చావడి అని ఒకటుండేది. మధుర రాజధానిగా వెలిగిన రోజుల్లో రాజుగారి సేనను నడిపిన సింగమ నాయకరనే దళవాయి కట్టించాడు. దాని లోపలి రెండు గోడల నిండా అయ్యసామి ముత్తాత ఒక ఊరేగింపు రాశాడు. రాజుగారి సవారీ నగరంలోకి వస్తోంది. ముందు ఏనుగులు, వెనక పల్లకీలు, వాటి వెనక అసలు మధుర: పూలమ్మేవాళ్ళు, గుర్రాల బేరగాళ్ళు, ఒంటె మీంచి జారి పడుతున్న ఒకడు, వాణ్ణి చూసి పళ్ళికిలిస్తున్న ముగ్గురు. ప్రతి మనిషి కిందా ఒక వరస తెలుగు అక్షరాలు. దళవాయికి ఎంత అక్షరమో, ఒంటె మీంచి పడినవాడికీ అంతే అక్షరం. రాజ్యం పోయాక సిపాయిలు ఆ చావడిలో గుర్రాలకు గడ్డి నింపారు. తర్వాత సంతకు వచ్చేవాళ్ళు అందులో పడుకుని, ఊసుపోక బొగ్గుముక్కలతో తమ పేర్లూ, గిట్టనివాళ్ళ మీద తిట్లూ రాసిపోయారు. ఒక పల్లకీ పక్కన తమిళంలో 'మాయాండి గాడిద' అని ఎన్నేళ్ళుగానో ఉంది. ఆ మాయాండి ఎవరో, పాపం.

తండ్రి చిన్నప్పుడే పోతే అయ్యసామిని తాత అళగిరిసామి పెంచాడు. కూతురి కూతురు రామక్కాళ్‌ను కూడా ఆ ఇంట్లోనే పెంచి, ఇద్దరికీ పెళ్ళి చేసిందీ ఆయనే. ఏటా చిత్తిర తిరునాళ్ళు కాగానే ముసలాయన మనవణ్ణి చావడికి తీసుకుపోయి, ఉడుత తోక వెంట్రుకల కుంచె చేతికిచ్చి, పెచ్చులు లేచినచోట దిద్దించేవాడు. బొమ్మా, దాని కింది అక్షరాలూ ఆయనకు ఒకటే పాఠం. "ఇది దళవాయి సింగమ నాయకరు. రాయి" అంటే అయ్యసామి గుర్రం తోకను ఎలా తిప్పేవాడో ఆ అక్షరాలనూ అలాగే తిప్పేవాడు. ఏ వంకర ఏ శబ్దమో తాత చెప్పలేదు. ఆయనకూ తెలిసినట్టు లేదు. మొత్తం మీద నలభై మూడు వరసలు అయ్యసామి చేతికి వచ్చాయి. లోకంలో చదవడం వచ్చి రాయడం రానివాళ్ళు బోలెడుమంది. ఈయన తిరగేసిన సరుకు.

కుంఫిణీ పోయి రాణిగారి పేరున దండోరా వేసిన ఏడు, రోడ్లూ వంతెనలూ చూసే ఇంజనీరు దొర ఒకడు మధుర వచ్చి, ఎండకు తాళలేక ఆ చావడిలో దూరాడు. గంటసేపు ఉందామని దూరినవాడు నాలుగు రోజులు కదల్లేదు. కాగితాలు పరుచుకుని ఊరేగింపు మొత్తం దించుకున్నాడు. అయ్యసామి పక్కనే నిలబడి చూశాడు. దొర చెయ్యి మంచిదే, ఏనుగు తొండం మాత్రం సొరకాయలా వచ్చింది. ఈ సంగతి దొరకు చెప్పమని అయ్యసామి దుబాసీని బతిమాలాడు. దొరల మాట మనకూ, మన మాట దొరలకూ చెప్పడమే ఆ దుబాసీ ఉద్యోగం. అయినా ఈ ఒక్క మాట చెప్పలేదు.

దుబాసీ పేరు వెంకటకృష్ణ. నెల్లూరు తెలుగువాడు. లోపలి గడ్డి దుమ్ముకు తుమ్ములొస్తాయని ఆ నాలుగు రోజులూ చావడి గడప దాటి లోపలికి రాలేదు. బయట కూర్చునే అయ్యసామికి ఒక వింత చెప్పాడు. ఇప్పటి రాజధాని మదరాసులో సర్కారువారు ఒక పెద్ద మేడలో పాత విగ్రహాలు, కత్తులు, చిత్రాలు, గడ్డి కూరిన పులుల్లాంటి జంతువులు పెట్టారట. ఎవరైనా ఊరికే పోయి చూడొచ్చట. ఊళ్ళో జనం ఆ మేడను చచ్చిన కాలేజీ అంటారట. దొర దించిన కాగితాలు అక్కడికే పోతాయట.

"చచ్చిన పులిని చూసేదానికి జనం పోతారా సామీ?" అన్నాడు అయ్యసామి.

"తండోపతండాలుగా పోతారయ్యా."

"అట్లయితే బతికుండే ఏనుగుల్ని చూసేదానికి ఇక్కడికి రమ్మను" అని అయ్యసామి గోడవైపు చెయ్యి చూపాడు.

దొర తన పని మీద నీలగిరి కొండల కిందికి, మేట్టుపాళయానికి వెళ్ళిపోయాడు. రెండు నెలలకు కచ్చేరి నుంచి అయ్యసామికి పిలుపు వచ్చింది. పిలిచింది గుమాస్తా రంగనాథన్. చేతిలో ఇంగ్లీషు కాగితం ఒకటి, దాని కింద తాను తమిళంలోకి మార్చుకున్నది ఒకటి.

"నాయక్కరే, సర్కారు ఉత్తరవు. చావడి బయట గోడలకు సున్నం వేయాలి. లోపల సువరిల్ ఎళుదినదు ఎల్లాం అళిక్కణుం" అన్నాడు. గోడ మీద రాసినదంతా చెరపాలి అని.

"ఎల్లామా?" అన్నాడు అయ్యసామి.

"ఎల్లాం."

"ఇంగ్లీషులో ఏం మాట ఉండాది సామీ?"

"రైటింగు. రైటింగంటే ఎళుత్తు. ఆ గోడ మీదున్నది మీ ముత్తాత ఎళుదినదే కదా?"

కాదని ఎలా అంటాడు? గీయడం కాదు, రాయడం అని నలభై ఏళ్ళుగా ఊరందరినీ దిద్దిన మనిషి ఆయన. ఆ మాటే ఇప్పుడు తిరిగొచ్చి ముత్తాత గోడ మీద పడింది. దొరను ఒకసారి అడగరాదా అన్నాడు. రంగనాథన్ చెడ్డవాడు కాడు. చిన్నప్పుడు ఆ ఒంటె మీంచి పడేవాణ్ణి చూసి నవ్వుకున్నవాడే. కాని తల అడ్డంగా ఊపాడు.

"సర్కారును ఎదురు ప్రశ్న అడిగిన గుమాస్తా మర్నాడు గుమాస్తాగా ఉండడు నాయక్కరే. మీకు కష్టమైతే చెప్పండి, తిరుమంగళం నుంచి వేరే ఆళ్ళను పిలిపిస్తా."

"ఎవర్నీ పిలవొద్దు. ఆ గోడ మింద చెయ్యి పెట్టేది నేనే. సున్నం గుంటలో ఊరల్ల. నెల పడుతుంది."

ఇందులో అబద్ధం లేదు. మంచి సున్నానికి నెల కావలసిందే. ఊరందరికీ తెలిసిన సంగతే గనక రంగనాథన్ కూడా సరేనన్నాడు.

ఇంటికొచ్చి చెబితే రామక్కాళ్ చేతిలో చేట నేలకేసి కొట్టింది. "చెరపమంటే చెరిపేదానికి అదేమన్నా వాకిట్లో పిండితో వేసిన కోలమా? ఎవడు వాడు?"

"ఆ దొర నాలుగు దినాలు తిండి మరిచి రాసుకొని పోయినాడు. అట్టాంటోడు చెరపమనడు రామక్కా. నడాన ఎక్కడో మాట తప్పింది. పోయి అడిగొస్తా."

"మేట్టుపాళయం పోయా? పది దినాల దోవ!"

"పది పోను, పది రాను. సున్నం ఊరేలోపల వస్తా. కచ్చేరోళ్ళొచ్చి అడిగితే ఏం చెప్తావు?"

"ఊరలేదంటా. మాట మీరి గుంట దగ్గరికొస్తే వాళ్ళనే ఊరబెడతా" అంది రామక్కాళ్. అనడమే కాదు, చేసే మనిషే.

అయ్యసామి మర్నాడే బయలుదేరాడు. దిండుక్కల్లు దాకా నడిచాడు. అక్కడ పత్తి బండ్లు దొరికితే బండి వెనక కూర్చుని అన్నూరు చేరాడు. దోవలో తెలుగు మాట వినబడ్డ ప్రతి ఇంట్లో "ఏ ఊరోళ్ళు మీరు?" అని అడిగి గంజీ పచ్చిమిరపకాయా పెట్టారు. ఆయనకు ఆకలి తెలియలేదు. దొర ముందు ఏం అనాలో దోవ పొడుగునా ఎద్దులకు చెప్పుకుంటూ పోయాడు. అన్నూరు నుంచి మళ్ళీ కాలినడక.

మేట్టుపాళయంలో దొర డేరా ఒక పోకతోటలో ఉంది. మొదట ఎదురైనవాడు వెంకటకృష్ణే.

"ఏమయ్యా అయ్యసామీ, ఇంత దూరం వచ్చావేం?"

"గోడ మింద రాసిందంతా చెరపమని ఉత్తరవు వచ్చింది సామీ. నిజమేనా?"

"నిజమే. ఆ పిచ్చిరాతలు చూసి దొరగారికి ఒకటే కోపం. నా ముందే రాశారు."

అయ్యసామికి కళ్ళు ఎర్రబడ్డాయి. "పిచ్చిరాతలా? మా ముత్తాత రాసినాడు దాన్ని!"

"మీ ముత్తాతా? బొగ్గుతోనా?"

"బొగ్గుతో ఏమిటికి రాస్తాడు? ఉడుత కుంచెతో రాసినాడు. ఏనుగును రాసినాడు."

"ఏనుగు గురించి ఏమని రాశాడు?"

"ఏనుగు గురించి కాదు సామీ! ఏనుగునే!"

వెంకటకృష్ణ ఊళ్ళో బొమ్మలు గీస్తారు, వేస్తారు. రాసేది ఉత్తరాలూ దస్తావేజులూ. చిన్నప్పుడు చదివిన పుస్తకంలో ఎక్కడో 'చిత్రము వ్రాయుట' అనే పాతమాట చూసినట్టు అప్పుడు గుర్తొచ్చింది. తల బాదుకుని డేరాలోకి పరిగెత్తాడు.

దొర సగం గడ్డం గీసుకుని సగం నురగతో బయటికొచ్చాడు. బొమ్మల మీద ఎవడైనా చెయ్యి వేశాడా అని మూడుసార్లు అడిగించాడు. ఇంకా లేదని తెలిశాక ఒక పెట్టె మీద కూలబడ్డాడు. బొమ్మలు చెరపకూడదు, అక్షరాలు మాత్రమే చెరపాలి అన్నాడు. బొగ్గువైనా సరే, బొమ్మల కింద ఉన్నవైనా సరే, అక్షరమన్నది అక్కడ ఉండకూడదట. ఆ కింది గీతలేమిటని మధుర కచ్చేరిలో అడిగితే ఇది మా తమిళం కాదన్నారట. ఎవరూ చదవలేని రాత గోడకు మచ్చేనట.

ఇంకొకడైతే బొమ్మలు దక్కాయి, అదే పదివేలు అని దండం పెట్టి వెనక్కి తిరిగేవాడు. అయ్యసామి నేల మీద చతికిలబడి, దొర దించుకున్న కాగితాలు తెప్పించమన్నాడు. తెచ్చారు. అందులో పూలబుట్ట ముందు కూర్చున్న ఒక ఆడమనిషి బొమ్మ మీద వేలు పెట్టాడు. సిపాయిల గడ్డిమోపులు రాసుకుని గోడ మీద ఆమె ముఖం ఎప్పుడో అరిగిపోయింది. దొర కూడా ఉన్నదున్నట్టే, ముఖం లేకుండా దించాడు.

"ఈమె ఎవరని దొరనడుగు సామీ."

ఎవరో పూలమ్మే మనిషి అన్నాడు దొర.

"ఎవరో కాదు. పూల పాపమ్మాళ్. కింద రాసుండాది. మొహం పోయినా మనిషి పోలేదు. ఆ కింది వరస చెరిపితే అప్పుడు పోతుంది. మదరాసులో మీ చచ్చిన కాలేజీలో పులి కింద దాని పేరు రాసి పెట్టినారా, లేదా?"

పెట్టారని వెంకటకృష్ణ ఒప్పుకున్నాడు.

"చచ్చిన పులికి ఉండే మరియాద మా ఊరి ఆడమనిషికి లేదా? ఇదే మాట చెప్పు. తొండం సంగతి మాదిరి మింగేయొద్దు."

ఈసారి వెంకటకృష్ణ మింగలేదు. దొర ఆ ముఖం లేని మనిషి కాగితాన్ని చేతికి తీసుకున్నాడు. ఆ వరసలన్నీ నీకు వచ్చా అని అడిగించాడు. అయ్యసామి ఒక పుల్ల తీసుకుని, పోకచెట్ల మధ్య తడి ఇసక సాపుచేసి మొదలుపెట్టాడు. దళవాయి సింగమ నాయకరు. రాయసం వేంకటయ్య. గుర్రాల చొక్కాండి. ఒంటె వీరప్ప. ఆయన ఒక్కో వరసా నోటితో చెబుతూ రాస్తుంటే వెంకటకృష్ణ వెనకే వంగి వేలు జరుపుతూ "రా... య... సం..." అని చదువుతూ వచ్చాడు. అయ్యసామి పుల్ల ఆపి ఆ వేలివంక చూశాడు. వరసంతా కలిపి ఒక మనిషి అనే ఇన్నాళ్ళూ అనుకున్నాడు. దాన్ని అలా ముక్కలు ముక్కలుగా విడదీయవచ్చని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

నలభై మూడో వరస దగ్గర నోరు ఆగి, చెయ్యి మాత్రమే కదిలింది. ఇదెవరి పేరని వెంకటకృష్ణ అడిగాడు.

"తెలీదు. దీని కింద బొమ్మ లేదు, పైనా లేదు. గోడ చివర ఉంటుంది. తాత ఇది చెప్పకనే పోయినాడు."

వెంకటకృష్ణ మోకాళ్ళ మీద కూర్చుని నిదానంగా చదివాడు. "వ్రాసిన చేతికి వయసాయె. చెడినచోట పిమ్మటివారు దిద్దునది."

చెడినచోట తర్వాతివాళ్ళు దిద్దండి అని. ముత్తాత నోరు విప్పి తనతోనే మాట్లాడినట్టయింది అయ్యసామికి. పెచ్చులు లేచినచోట దిద్దడమే గాని, పూర్తిగా పోయినచోట తన చెయ్యి పెట్టే ధైర్యం ఆయన ఎన్నడూ చేయలేదు. పెద్దవాళ్ళ రాత, మనదేముంది అని వెనక్కి తగ్గేవాడు. ఆ పోకతోటలో, దొర ఎదుట, సిగ్గుపడకుండా ఏడ్చాడు.

దొర కొత్త ఉత్తరువు రాశాడు. దాన్ని తమిళంలో పెట్టేటప్పుడు వెంకటకృష్ణ కలం పట్టుకుని చిక్కులో పడ్డాడు. చెరపాల్సిందీ ఎళుదినదే, ఉంచాల్సిందీ ఎళుదినదే. ఆ ముడి అయ్యసామే విప్పాడు.

"బొగ్గుతో, సుద్దతో, మేకుతో రాసింది పోవల్ల. కుంచెతో రాసింది ఉండల్ల. అట్ల రాయి సామీ."

అలాగే రాశారు. తర్వాత అయ్యసామి రెండు రోజులు అక్కడే ఉండి, మదరాసు పోయే కాగితాల మీద ఒక్కో బొమ్మ కింద దాని వరస తన చేత్తో రాసిచ్చాడు. అడిగినా అడగకపోయినా ఏనుగు తొండం కూడా దిద్దిపెట్టాడు.

తిరుగు దోవలో బండ్లు దొరక్క అంతా నడిచి, ఇరవై తొమ్మిదో రోజు ఇల్లు చేరేసరికి రామక్కాళ్ సున్నం గుంట పక్కన మంచం వేసుకుని కూర్చుని ఉంది. కచ్చేరి బంట్రోతు రెండుసార్లు వచ్చి పరుగెత్తి పోయాడట. రంగనాథన్ కొత్త కాగితం రెండుసార్లు చదివి, "బొగ్గు, సుద్ద, మేకు" అని వేళ్ళు మడిచి, గట్టిగా ఊపిరి వదిలాడు. అయ్యసామి తడి తవుడు ముద్దలతో బొగ్గు రాతలన్నీ ఒత్తి తీశాడు. మాయాండికి ఇన్నాళ్ళకు గాడిద బతుకు తప్పింది. నెల ఊరిన సున్నం బయట గోడలకు పట్టి, వెన్నెలకు చావడి దూరాన్నుంచే కనబడేది.

ఇక పాపమ్మాళ్ ముఖం మిగిలింది. అయ్యసామి ఇంట్లోంచి రామక్కాళ్‌ను తీసుకుపోయి, ఒడిలో బుట్ట పెట్టి, గోడ ఎదురుగా కూర్చోబెట్టాడు. కదలొద్దన్నాడు. ఆమె కదలకుండా ఉండగలదు గాని మాట్లాడకుండా ఉండలేదు. రెండు రోజులు పొలం గురించీ, కోడలి గురించీ, మోకాలి నొప్పి గురించీ వింటూనే ఆయన కళ్ళు రాశాడు, ముక్కు రాశాడు, మూతి పక్క ముడత కూడా రాశాడు. మూడో రోజు మధ్యాహ్నం ఆమె లేచి వచ్చి చూసుకుంది.

"మొహం నాది, పేరు దానిదా? ఇదేం నాయం బావా?"

అయ్యసామి నవ్వబోయి ఆగిపోయాడు. ఆమె అన్నది నిజమే. కుంచె రంగులో ముంచి గోడ దగ్గరికి పోయాడు, చెయ్యి కదల్లేదు. ఆయన చేతిలో ఉన్నవి నలభై మూడు వరసలు. వాటిలో రామక్కాళ్ లేదు. తాత నేర్పలేదు, ముత్తాత రాయలేదు. ఊరంతటికీ 'రాసేవాడు' అయిన మనిషికి పెళ్ళాం పేరు రాయడం రాదు.

అలా నిలబడి ఉండగా ఇసకలో జరిగిన వెంకటకృష్ణ వేలు గుర్తొచ్చింది. కుంచె చేతిలోనే పట్టుకుని గోడ వెంట నడిచాడు. రాయసం వేంకటయ్య దగ్గర ఆగి, మొదటి ముక్కను కళ్ళతో తీసుకుని, నోట్లో "రా, రా" అనుకుంటూ తిరిగొచ్చి, పాపమ్మాళ్ పేరు పక్కన చిన్నగా దించాడు. మళ్ళీ పోయి దళవాయి సింగమ నాయకరు కింద ఏడో ముక్క తెచ్చాడు. గుర్రాల చొక్కాండి దగ్గర రెండుసార్లు వేళ్ళతో లెక్కపెట్టి అయిదోది తెచ్చాడు. చివరి ముక్క కోసం ఎక్కడికీ పోనక్కర్లేకపోయింది. అది పాపమ్మాళ్ దగ్గరే ఉంది.

"ఏం చేస్తా ఉండావు? ఎండకు తల తిరిగిందా?" అంది రామక్కాళ్.

"నీ పేరు రాసినా."

"నా పేరా? ఎవరు నేర్పినారు నీకు?"

"ఎవరూ నేర్పలేదు" అన్నాడు అయ్యసామి. యాభై ఏళ్ళు వచ్చాక, ముత్తాతది కాకుండా తన చేతి నుంచి తనదిగా వచ్చిన మొదటి మాట అది.

రామక్కాళ్ ముందుకు వంగి, తడి తగలకుండా వేలు గాలిలో జరుపుతూ లెక్కపెట్టింది. "నాలుగు ముక్కలు. ఇదేనా నేను?"

"అదే నువ్వు."

ఆమె బుట్ట పక్కన పెట్టి గోడ కిందే కూర్చుని, తడి ఆరేదాకా ఈగ వాలకుండా కొంగుతో విసురుతూ ఉండిపోయింది.